దేవమణి కూర్చోవలసిన కుర్చీ

ఇందూ, ఆ ఫోను పక్కన పెట్టి ఇలా రాయే. ఇంకా దగ్గరికి. నా మంచం పట్టి మీద కూర్చో, నా నోరు నీ చెవికి అందేలాగ. మీ నాన్న ముందు గదిలోనే ఉన్నాడు, వాడికి వినబడితే వినబడనీ. పొద్దున్న ఫోన్లో డాక్టరు నన్నేదో అడిగినాడు. నేను నోరు తెరిచే లోపల నువ్వు "లేదు" అని చెప్పీసినావు. తప్పు పట్టడానికి పిలవలేదమ్మా. అలాంటి "లేదు" ఒకటి నేనూ చెప్పినాను. చెప్పి ఏడాది కావస్తోంది.

మీ చిన్నమామ్మ దేవమణికి ఆపరేషనైనాదని నీకు తెలుసు. కలకత్తా తీసుకెళ్ళి కరెంటు పెట్టించినామనీ తెలుసు. జబ్బు అంత దూరం ఎందుకు పోయినాదో తెలీదు. అప్పుడు నువ్వు మిడ్నపూర్ హాస్టల్లో ఉన్నావు. వచ్చినాక కూడా నీకెవరూ చెప్పలేదు. నేను చెప్పనివ్వలేదు.

ముందు నా గొప్ప చెప్పుకోవాలి, అది చెప్పకపోతే తప్పు నీకు అర్థం కాదు. నేను ఖరగ్‌పూర్ వచ్చేసరికి పదహారేళ్ళు. రెండో తరగతి దాటలేదు. మీ తాత ఎర్రయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. పూరీ గేట్ దగ్గర క్వార్టరు ఇచ్చినారు. గోడకి ఇటు బెంగాలీ వాళ్ళు, అటు ఒడియా వాళ్ళు. ఉప్పు అప్పడగాలన్నా, కొళాయి దగ్గర దెబ్బలాడాలన్నా వాళ్ళ మాటే రావాల. ఆరు నెలల్లో బెంగాలీ పట్టుకున్నాను. దెబ్బలాటే నాకు బడి అనుకో.

ఇంక అక్కడినించీ మన వాళ్ళ ఆడవాళ్ళకి ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నా గుమ్మం ముందే నిలబడేవారు. "ఓలప్పా, ఓపాలి హాస్పిటల్‌కి రాయే, ఆ డాక్టరుతో నాను మాటాడలేను" అని. పొయ్యి మీద కూర దింపీసి వెళ్ళిపోయేదాన్ని. వాళ్ళు ఆముదాలవలసనించి మొదలెట్టి మూడు తరాల కథ చెప్పేవారు. నేను అందులోంచి డాక్టరుకి కావలసిన ముక్క తీసి ఇచ్చేదాన్ని. చిక్కుడుకాయకి రెండు కొసలూ తుంచి, ఈనె లాగీసి, నడిమి ముక్కే గిన్నెలో వేసినట్టు. సిగ్గు మాటలుంటే అవీ తుంచీసేదాన్ని. మగవాళ్ళు నిలబడ్డ చోట మన ఆడదాని మర్యాద పోకూడదు కదా. నా పని అదే అనుకునేదాన్ని.

దానివల్ల అప్పట్లో ఎవరికీ చేటు జరగలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో రైల్వే హాస్పిటల్లో ఉన్న ముసలి డాక్టర్‌బాబు నా మాట వినేవాడు గాని నా వంక చూసేవాడు కాదు. పేషెంటు కంటి కింద రెప్ప లాగి చూసేవాడు. గోరు నొక్కి చూసేవాడు. కడుపు మీద చెయ్యి పెట్టేవాడు. ఒకసారి పక్క లైను నూకరాజు పెళ్ళాన్ని తీసుకెళ్ళినాను. నీరసం, కళ్ళు తిరగడం. "ఏటి తింటాది?" అని అడిగినాడు. "అన్నమూ కూరా, మా అందరిలాగే" అన్నాను. ఆయన దాని నాలుక చూసి, గోళ్ళు చూసి, "సుద్దముక్కలు రోజుకెన్ని తింటాదో అడుగు" అన్నాడు. అది సిగ్గుతో చీర కొంగు నమిలీసింది. కొంగులోనే మూడు ముక్కలున్నాయి! నేను దాచిందల్లా ఆయన చేతికి దొరికిపోయేది. అందుకని నా తుంచుడు ఎవరినీ చంపలేదు.

మీ తాత రిటైరైనాక క్వార్టరు ఖాళీ చెయ్యాల. టౌన్లో ఖరిదాలో జాగా కొనే తాహతు మనకెక్కడిది? టౌను దాటి టోటోలో, అదే ఆ బేటరీ ఆటోలో, ముప్పావుగంట, ఎర్రమట్టి నేల, సాల చెట్లు, ఇక్కడ దొరికింది. అన్నదమ్ములిద్దరూ ఒకే పెరట్లో రెండిళ్ళు వేసుకున్నారు. మీ చిన్నతాత నూకయ్యకి వర్క్‌షాపులో కాంట్రాక్టు పనే, పర్మనెంటు కాలేదు. అందుకే మాకు రైల్వే మెడికల్ కార్డుంది, వాళ్ళకి లేదు. ఆయన పోయి నాలుగేళ్ళు. దేవమణి ఒక్కర్తే. ఇడ్లీ పిండి రుబ్బి ఊళ్ళో బెంగాలీ ఇళ్ళకి అమ్ముకుంటాది. దానికి జ్వరమొచ్చినా నొప్పొచ్చినా ఊరి సబ్‌సెంటరే దిక్కు.

సబ్‌సెంటరు నువ్వు చూసినావు కదా. రెండు గదులు, ముందు వసారా. నర్సు రాధారాణి దీదీ ఒకర్తే ఉంటాది. డాక్టరు ఉండడు. దీదీ లాప్‌టాప్ తెరిస్తే అందులోంచి డాక్టరు వస్తాడు. దాని ముందొక నీలం ప్లాస్టిక్ కుర్చీ. అందులో కూర్చున్నవాళ్ళే ఆయనకి కనబడతారు. అబద్ధమెందుకు, మంచి ఏర్పాటే. ఇదివరకు షుగరు మాత్రకి కూడా టౌనుకి పోయి ఒక రోజంతా పారేసుకునేవారు. ఇప్పుడు పొద్దున్న వెళ్తే అన్నం వేళకి ఇంటికి వస్తారు. మన తెలుగోళ్ళ ఇళ్ళు ఇక్కడ పది పన్నెండుంటాయి. ఆ ఆడవాళ్ళందరికీ లాప్‌టాప్ ముందు కూడా నేనే నోరు. దీదీ నన్ను పిన్నీ అన్నట్టు మాసీమా అంటాది. నన్ను చూస్తే "మాసీమా వచ్చీసింది, ఇంక నా పని సగం" అని నవ్వేది. నాకు ఒళ్ళు పొంగిపోయేది.

పోయినేడు దసరా పూజలు అయిన వారానికి, సాయంత్రం, దేవమణి గ్రైండరు దగ్గర కూర్చునుంది. నేను పప్పు కడుగుతున్నాను. పెరట్లో మేమిద్దరమే. అది గ్రైండరు ఆపకుండానే, ఆ చప్పుడులో కలిపీసి అంది:

"అక్కా, ఎనిమిదేళ్ళ కిందట ఆగిపోనాది మల్లీ వస్తంది."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చెయ్యి నీళ్ళలోనే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళనించే?"

"పూజల ముందునించి. రెండ్రోజులు ఆగుతాది, మల్లీ. నడుం ఇరిగిపోతంది. రేపు సబ్‌సెంటరుకి ఎల్దాం. డాక్టరుకి నువ్వు సెప్పక్కా. నాకు నోరు రాదు."

"వేడి సేసుంటాదిలే. సెప్తాను" అన్నాను.

సెప్తానన్నాను ఇందూ. ఆ మాట గుర్తెట్టుకో.

మర్నాడు మీ తాత కూడా వచ్చినాడు, టోటోకి ఆయన ఉంటే ధైర్యమని. ఇప్పుడు ఒక సంగతి. మా ఇళ్ళల్లో తమ్ముడి పెళ్ళాం బావగారి ముందు కూర్చోదు, ఆయన మొహం చూసి మాటాడదు. దేవమణి కాపురానికొచ్చి నలభై ఒక్కేళ్ళు. మీ తాతతో ఒక్క మాట నేరుగా అనలేదు, ఆయనా అనలేదు. చారు కావాలంటే "చారు కావాలేమో అడగక్కా" అని నాతో అనేది. ఆయన పక్కనే ఉండేవాడు! నేను మళ్ళీ ఆయనకి చెప్పేదాన్ని. అక్కడా నేనే దుబాసీని.

డాక్టరుకి కనబడాలి కాబట్టి దేవమణి తప్పక నీలం కుర్చీలో కొస మీద కూర్చుంది, తల మీద కొంగు కప్పుకుని. నేను పక్కన నిలబడినాను. మీ తాత గుమ్మం పక్క బెంచీ మీద, రెండు మూరల దూరంలో. తలుపు తీసే ఉంది, వసారా నిండా జనం. లాప్‌టాప్ గొంతు ఎంత పెద్దదో నీకు తెలుసు కదా, పెళ్ళి మైకే. లోపల డాక్టరు కుర్రాడు, మీసాలు సరిగ్గా రాలేదు. నడుంనొప్పీ నీరసమూ నేను చెప్పినాను. వయసడిగినాడు, చెప్పినాను. తర్వాత ఊరంతా వినబడేలాగ బెంగాలీలో అడిగినాడు: "ముట్టు ఆగిపోయి ఎన్నేళ్ళు? ఆగినాక మళ్ళీ ఎప్పుడైనా రక్తం కనబడిందా?"

వసారాలో ఎవరో దగ్గినారు. మీ తాత తల దించుకుని చెప్పుల వంక చూసుకున్నాడు.

నేను అన్నాను, "కిచ్ఛు నా డాక్టర్‌బాబు. ఏమీ లేదు. ఈ వయసులో ఏముంటాది?" ఒక నవ్వు కూడా నవ్వినాను.

ఆ కుర్రాడు మంచివాడే. "మాసీమా, మీరు కాదు, ఆవిడని అడిగి చెప్పండి" అన్నాడు.

అప్పుడు నేను చేసిన పని విను. దేవమణి వైపు వంగి, మీ తాతకి వినబడకుండా గొంతు తగ్గించి, తెలుగులో, "నడుం నొప్పి ఎప్పటినించీ అని అడుగుతున్నాడే" అన్నాను.

అది నా మొహం వంక చూసింది. చాలాసేపు చూసింది. "పూజల ముందునించి" అంది.

నేను తెర వైపు తిరిగి, "లేదంటోంది బాబూ, ఏమీ లేదంట" అన్నాను.

రాధారాణి దీదీ పుస్తకంలో రాసుకుంది. ఐరన్ మాత్రలు, నొప్పికి మాత్రలు ఇచ్చినారు. తిరిగొస్తుంటే టోటోలో మీ తాత "బాగా మాటాడినావే, ఇంటి పరువు నిలబెట్టినావు" అనలేదు. అన్నాడని నేనే మనసులో అనుకున్నాను, చూడు, దాంతో కడుపు నిండిపోయింది.

ఇంటికొచ్చినాక దేవమణి నన్నేమీ అడగలేదు. మాత్రలు మింగింది. నేనూ ఊరుకోలేదులే, మునగాకు కూర వండి పంపినాను, నువ్వులూ బెల్లమూ దంచి పెట్టినాను, మెంతులు నానబెట్టి ఇచ్చినాను. తప్పు చేసినవాళ్ళు వంట ఎక్కువ చేస్తారు. నాకప్పుడు తెలీదు గాని, ఆ నెల్లో నేను వండినంత నా పెళ్ళిలో కూడా వండలేదు.

నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. ఈసారి దేవమణి కుర్చీలో కూర్చోలేదు. దీదీ రెండుసార్లు చెప్పినాది. "పరవాలేదు, నిలబడతాను" అంటాది. తెరలో డాక్టరు, "నాకు చీర కుచ్చిళ్ళే కనబడుతున్నాయి, పేషెంటు మొహమేదీ?" అన్నాడు. అందరూ నవ్వినారు. మీ తాత తన ముందు కూర్చోడానికి సిగ్గు పడుతోందనుకున్నాడు గావాల, లేచి బీడీ పట్టుకుని చింతచెట్టు దాకా వెళ్ళిపోయినాడు. వసారాలో కూడా ఇద్దరో ముగ్గురో ఉన్నారంతే.

అంటే ఇంక వినేవాళ్ళు లేరు. తలుపు మూసీమని దీదీకి చెప్పొచ్చు. "డాక్టర్‌బాబు, ఆ రోజు చెప్పలేదు, ఇదీ సంగతి" అనొచ్చు. నోటి దాకా వచ్చినాది కూడా. కానీ ఆ పుస్తకంలో "లేదు" అని రాసుంది. దీదీ ముందు, ఇన్నాళ్ళూ నన్ను మెచ్చుకున్న దీదీ ముందు, నేను అబద్ధం చెప్పినానని తేలుతాది. ఇందూ, మొదటి "లేదు" సిగ్గుతో అన్నాను. దానికి మా పద్ధతులని వంక పెట్టుకోవచ్చు. రెండో "లేదు" మొదటిదాన్ని కాపాడుకోడానికి అన్నాను. దానికి ఏ వంకా లేదు.

"నేను కూర్చుంటానులే" అని ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. డాక్టరు, "మాసీమా, పేషెంటు మీరా ఇప్పుడు?" అని నవ్వినాడు. నొప్పి తగ్గిందా అన్నాడు, కొంచెం నయమన్నాను. రక్తం లాంటిదేమైనా అన్నాడు, లేదన్నాను. నా బుగ్గలు గుండ్రంగా ఎర్రగా ఉన్నాయి. ఆ తెరలో ఆయనకి కనబడింది నా మొహం, వినబడింది నా మాట. ముసలి డాక్టర్‌బాబుకైతే చెయ్యి ఉండేది. ఈయనకి నా నోరు తప్ప దేవమణిని చూసే దారి ఇంకోటి లేదు. ఆ దారికి అడ్డంగా నేను కూర్చున్నాను.

దీదీ మాత్రం తెర వంక చూడలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డ దేవమణి వంక చూసింది.

దేవమణి ఎందుకు కూర్చోలేదో నాకు తెలుసు. కుర్చీకి మరక అంటుతాదేమోనని. ఇంట్లో కూడా పీట మీద కూర్చోవడం మానీసింది. గోనెసంచి పరుచుకుని దాని మీద పడుకునేది. ముతక పాత చీర చింపుకుని వాడి, నేను లేవకముందే ఉతికి, మల్లెపందిరి వెనక, దాని మీద తువ్వాలు కప్పి ఆరేసేది. పిండి బేరం ఆపీసింది. బెంగాలీ ఇల్లాళ్ళు గుమ్మం దాకా వచ్చి "ఇడ్లీ మాసీ ఏదీ?" అని అడిగితే నేనే, "జలుబు చేసింది" అని చెప్పేదాన్ని.

ఆ చలికాలం ఒక పొద్దున్న రాధారాణి దీదీ సైకిలు దిగి పెరట్లోకి వచ్చినాది. ప్రెషరు మిషనూ పుస్తకమూ పట్టుకుని. ఇల్లిల్లూ తిరిగే రోజట. మీ తాత ఎండలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. దీదీ నేరుగా దేవమణి ఇంట్లోకి పోయినాది. గోనెసంచి మీద పడుకున్న మనిషిని చూసింది. నేను వెనకే పరిగెత్తి, "రా దీదీ, అదీ, రాత్రి నిద్రపట్టక..." అని మొదలెట్టినాను.

"మాసీమా, ఒక్క కప్పు చాయ్ పెట్టండి, చలికి చచ్చిపోతున్నాను" అంది.

నన్ను బయటికి పంపడానికని తెలిసింది. వెళ్ళినాను. వంటింటి గోడ ఒకటే కదా అడ్డం. పాలు గిన్నెలో పోస్తుంటే దేవమణి గొంతు వినబడింది. బెంగాలీలో.

"దీదీ, రక్తో. రోజ్ రోజ్. పూజోర్ ఆగే థేకే."

రక్తం, రోజూ, పూజల ముందునించి అని. నాకంటే తిన్నగా, కొసలు తుంచకుండా చెప్పినాది. దానికి బెంగాలీ రాదని నలభై ఏళ్ళు లోకమంతటికీ చెప్పింది నేను. గుమ్మం గుమ్మం తిరిగి పిండి అమ్మే మనిషికి భాష రాకుండా ఎలగుంటాది? నేనెప్పుడూ అడగలేదు. దాని నోరు నా దగ్గరుందని నేనే అనుకున్నాను.

చాయ్ తీసుకుని వెళ్ళేసరికి దీదీ దేవమణి కంటి రెప్ప కిందికి లాగి చూస్తోంది. తెల్లగా, ఉడికిన గుడ్డు లాగుంది. దీదీ పుస్తకం తెరిచి నా వైపు తిప్పినాది. నాకు చదువు రాదని మరిచిపోయినట్టుంది.

"మాసీమా, రెండుసార్లు డాక్టర్‌బాబు అడిగినారు. రెండుసార్లూ లేదని రాసుంది. ఈవిడ మీకు చెప్పలేదా?"

గుమ్మంలో మీ తాత నిలబడ్డాడు, సగం గడ్డానికి సబ్బు.

"నాకు సెప్పనేదు" అన్నాను.

మూడోసారి. ఈసారి దానికి అర్థమవుతాదని తెలిసి కూడా, దాని కళ్ళ ముందే.

దేవమణి గోనెసంచి మీదనించి లేవబోయింది, బావగారు ఉన్నారని. లేవలేకపోయింది. దీదీతో, ఆ బెంగాలీలోనే, మెల్లిగా అంది: "ఔను దీదీ. నేనే అక్కకి చెప్పలేదు."

ఆ చాయ్ గ్లాసు నా చేతిలో ఎంతసేపుందో తెలీదు. వేళ్ళు కాలినాయి. బాగా కాలినాయి. అయినా కింద పెట్టలేదు.

దీదీ అక్కడే ఫోను తీసి ఆ తెర డాక్టరుతోనే మాటాడినాది. ఆయన గొంతు నాకూ వినబడింది: "ఇది ఇంక తెర మీద చూసేది కాదు. చేత్తో చూడాల. ఇవాళే పంపండి." దీదీయే టోటో పిలిచినాది. దీదీయే చీటీ రాసింది.

టౌనులో పెద్దాసుపత్రిలో ఆడ డాక్టరు. నడివయసు మనిషి, కళ్ళజోడు తాడుకి వేలాడుతోంది. దేవమణిని గుడ్డ తెర వెనక్కి తీసుకెళ్ళి చూసింది. ఎంతసేపో చూసింది. మీ తాతా నేనూ బల్లకి ఇవతల నిలబడినాం. బయటికొచ్చి చేతులు కడుక్కుని, దీదీ చీటీ, సబ్‌సెంటరు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంది.

"కాగితంలో నెల కిందట కూడా రక్తం లేదని ఉంది. చీటీలో పూజల ముందునించి అని ఉంది. పేషెంటు, ముందు ఎవరికీ చెప్పలేదు, సరిగ్గా గుర్తు లేదు అంటోంది. నాకు సరిగ్గా తెలియాలి. నెలైతే ఒక లెక్క, నాలుగు నెలలైతే ఇంకో లెక్క. పరీక్షకి ఎంత తొందర పెట్టాలో దాన్నిబట్టి చూస్తాను. మీరు ఆవిడకి ఏమవుతారు?"

తెర కింద దేవమణి పాదాలు కనబడుతున్నాయి. పసుపు పారాణి లేని పాదాలు, మడమలు పగిలి. గుర్తులేదట! ఏ తారీఖున పిండి ఎవరికెంత పోసిందో పదేళ్ళది చెప్తాది అది. నా కోసం గుర్తులేదంటోంది. నా మాట నిలబెట్టడానికి తన రోజులు తనే తుంచుకుంటోంది.

"తోటికోడల్ని" అన్నాను. "పూజల ముందునించే అమ్మా. దానికి గుర్తుంది. నాకు చెప్పినాది, డాక్టరుకి చెప్పమని. డాక్టరు అడిగినాడు. నేను లేదన్నాను. రెండుసార్లన్నాను. నర్సు దీదీకి కూడా అబద్ధం చెప్పినాను. దానిది తప్పేం లేదు."

బెంగాలీలోనే అన్నాను. మీ తాతకి వర్క్‌షాపు బెంగాలీ బాగా వచ్చు.

ఆ డాక్టరమ్మ తిడతాదని ఎదురు చూసినాను. తిడితే బాగుణ్ణు. కలం ఒక్క క్షణం ఆగింది, అంతే. పాత మాట కొట్టీసి పైన కొత్తది రాసింది. రాసి, కళ్ళజోడు తీసి, "ఇంక నుంచి మీరు బయట కూర్చోండి మాసీమా" అంది. మెల్లిగానే అంది. నలభై ఏళ్ళు హాస్పిటల్ గదుల్లో నిలబడ్డదాన్ని, బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

మీ తాత వచ్చి పక్కన కూర్చున్నాడు. సగం గడ్డం అలాగే ఉంది.

"ఎందుకే?" అన్నాడు.

"నువ్వు ఇంటావని. నువ్వు తలొంచుకున్నావు కదా ఆరోజు."

"నేను తలొంచుకుంటే? నా సిగ్గు నేను పడతాను. దానికి నువ్వు నోరు మూస్తావా? ఇనకూడదని నేనెప్పుడైనా సెప్పినానా?"

సెప్పలేదు. ఎప్పుడూ సెప్పలేదు. ఆయన పేరు మీద నేనే కట్టుకున్న గోడ అది.

ఆయన లేచి కొళాయి దగ్గర సీసా నింపుకుని ఆ గదిలోకి వెళ్ళినాడు. తెరకి ఇవతలే నిలబడి, గొంతు సవరించుకుని, నలభై ఒక్కేళ్ళలో మొదటిసారి నేరుగా అన్నాడు: "దేవమణీ, మంచినీళ్ళు తాగుతావా తల్లీ?"

తెర వెనకనించి, "తాగుతాను బావగారూ" అని వినబడింది.

మధ్యలో నేను లేను. నేను లేకుండానే ఆ మాట అటు వెళ్ళింది, ఇటు వచ్చినాది.

ముక్క తీసి పరీక్షకి పంపినారు. కేన్సరన్నారు. గర్భసంచి తీసేసినారు. జబ్బు సంచి గోడ దాటి కొంచెం ముందుకెళ్ళినాదన్నారు. మొదట్లోనే వచ్చుంటే కరెంటు అక్కర్లేకపోయేదా అని నేను అడిగినాను. డాక్టరమ్మ "చెప్పలేం" అంది. ఆ "చెప్పలేం"తోనే నేను బతుకుతున్నాను. అవునంటే ఏడ్చీసి ఊరుకుందును. కాదంటే నిద్రపోదును.

కలకత్తానించి వచ్చినాక ఒకరోజు దాని మంచం దగ్గర కూర్చుని, కాళ్ళు పట్టుకోబోయినాను. వయసులో పెద్దదాన్ని కదా, కాళ్ళు లాగీసుకుంది.

"ఆరోజు నువ్వు నన్ను నడుం నొప్పి ఎప్పటినించి అని అడిగినావు కదక్కా. డాక్టరు అదడగనేదని నాకు తెలుసు. అర్థమైనాది."

"మరి నోరెందుకు తెరవలేదే, నా తల్లీ?"

"నువ్వు నేదన్నాక నేను ఉందంటే, అంతమంది ముందు నీ మాట పోద్ది కదా."

నేను దాని పరువు కాపాడుతున్నాననుకున్నాను ఇందూ. అది నా పరువు కాపాడుతోంది. దాని రక్తంతో.

ఇప్పుడు చూస్తున్నావు కదా, మూడు నెలలకోసారి టౌనుకి వెళ్ళి చెయ్యి వేసి చూపించుకుంటాది. మధ్యలో సబ్‌సెంటర్లో తెర డాక్టరు. నీలం కుర్చీలో దర్జాగా వెనక్కి ఆనుకుని కూర్చుంటాది. విరిగిన బెంగాలీలోనే, "డాక్టర్‌బాబు, ముందు తలుపు ముయ్యమను, తర్వాత అడుగు" అంటాది. ఆ కుర్రాడు నవ్వుతాడు. తలుపు వేస్తారు. నేను వసారాలో బెంచీ మీద కూర్చుంటాను. జబ్బు తిరిగి వస్తాదో రాదో ఎవరికీ తెలీదు. తలుపు తెరుచుకుని అది బయటికొచ్చే దాకా నేను దాని చెప్పుల వంక చూస్తూ ఉంటాను.

మన తెలుగు ఆడవాళ్ళు ఇప్పటికీ నన్ను రమ్మంటారు. వెళ్తాను. కానీ ముందే చెప్తాను: నువ్వన్నది అన్నట్టే అంటాను, ఇష్టమైతే రా. కొంతమంది మానీసినారు.

ఇంక నీ సంగతి. పొద్దున్న ఫోన్లో డాక్టరు ఏటడిగినాడు? దగ్గితే బట్ట తడుస్తోందా అని అడిగినాడు. మీ నాన్న పక్కనే టీ తాగుతున్నాడు. నువ్వు, "లేదు సార్, మా మామ్మకి అలాంటివేం లేవు" అన్నావు. నామీద ప్రేమతోనే అన్నావు. నేనూ ప్రేమతోనే అన్నాను. తడుస్తోందమ్మా. ఆరు నెలలనించి. రాత్రిళ్ళు కూడా. మళ్ళీ ఫోను చెయ్యి, చేసి నా చేతికియ్యి, నేనే చెప్తాను. నాకు మాట రాని రోజు వస్తే అప్పుడు నువ్వు చెప్పు, కానీ నేనన్నదే చెప్పు.

ఈ కథ నా దగ్గరే ఉండిపోకూడదు. మంగళవారం సబ్‌సెంటరు బెంచీ మీద ఆడవాళ్ళుంటారు, వాళ్ళకి చెప్పు. హాస్టల్లో నీ స్నేహితులకి చెప్పు, రేపు వాళ్ళందరూ వాళ్ళ వాళ్ళకి నోరవుతారు. చెప్పేటప్పుడు "ఎవరో ఒక ముసల్ది" అనకు. ఫిట్టరు ఎర్రయ్య పెళ్ళాం అప్పలనర్సమ్మ, మా సొంత మామ్మ, అని చెప్పు. మూడుసార్లు లేదన్నాదని చెప్పు, రెండని తగ్గించకు. చాయ్ గ్లాసు దగ్గర నన్ను మంచిదాన్ని చెయ్యకు. దేవమణి అన్న మాట మాత్రం దాని బెంగాలీలోనే చెప్పు.

మరిచిపోతావేమో. ఏదీ, ఎక్కడనించి ఎత్తుకుంటావో ఓసారి నాకే చెప్పి వినిపించు.